స్టష్ బాబియాక్ చెప్పిన సాక్ష్యం

స్టష్ బాబియాక్‌ను ఎల్డర్స్ బెండ్‌లో ఎవరూ మంచివాడనరు, గట్టివాడంటారు. మా ఊళ్లో మంచివాళ్లను చర్చిలో పొగుడుతారు, గట్టివాళ్లను క్లబ్బులో పొగుడుతారు. చర్చికంటే క్లబ్బుకే జనం ఎక్కువ.

ముప్పై నాలుగేళ్లు అతను కోకు మిల్లులో, పొయ్యిల నెత్తి మీద పనిచేశాడు. బొగ్గును లోపల పోసి, గాలి చొరకుండా మూసి, ఒక పూటా ఒక రాత్రీ కాల్చి, ఉక్కు కరిగించడానికి పనికొచ్చే కోకు తీసే పొయ్యిలవి. నది పొడుగునా వరసగా ఎనభై ఏడు ఉన్నాయి. ఒక్కోదాని నెత్తిన నాలుగు ఇనుప మూతలుంటాయి. బొగ్గు బండి వచ్చినప్పుడు మూత లేపాలి, బొగ్గు పడ్డాక మూత వెయ్యాలి. కింది వేడికి మామూలు బూట్లు కరిగిపోతాయని అడుగున చెక్క పలకలు బిగించుకునేవాళ్లు. మూత లేచీ లేవగానే పసుప్పచ్చటి పొగ బుస్సుమని ముఖాన కొట్టేది. దాన్ని మింగి నిలబడ్డవాడు మగాడు. మొహం తిప్పుకున్నవాణ్ణి కిందికి, తలుపుల దగ్గరికి తోసేవాళ్లు.

ఆ తలుపుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పొయ్యికి ముందొకటి, వెనకొకటి, రెండు నిలువుల ఎత్తున ఇనుప తలుపులుంటాయి. వేడికి అవి వంకరపోతాయి. అంచుల్లోంచి పొగ కారుతుంది. తడిమట్టి ముద్దలు చేసి, తాపీతో ఆ సందులు పూడ్చాలి. స్టష్ రోజుల్లో అది ఉద్యోగం కాదు, శిక్ష. తాగి డ్యూటీకొచ్చినవాడి చేతికి, ఫోర్‌మన్‌తో పెట్టుకున్నవాడి చేతికి ఒక బకెట్టు ఇచ్చి, పోయి మట్టి పూసుకోరా అనేవాళ్లు. వాళ్లకు మట్టిగాళ్లని పేరు. పైవాళ్లు భోజనాల దగ్గర మట్టిగాళ్ల పక్కన కూర్చునేవాళ్లు కాదు.

అలాంటి స్టష్‌కు ఉన్న ఒక్కగానొక్క కొడుకు జెరోమ్ మట్టిగాడయ్యాడు. ఏడేళ్ల కిందట మిల్లు వాళ్లు తలుపులకు మట్టి పూయడానికని ఇరవై ఇద్దరిని ఏకంగా పర్మనెంటు ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. అంతకుముందు జెరోమ్ టైర్ల దుకాణంలో ఉండేవాడు. జీతం మంచిది, ఇంటిల్లిపాదికీ వైద్యం మిల్లుదే. జెరోమ్ చిన్నకూతురు మెలనీకి ఉబ్బసం. ఆ పిల్లకు మందు ఆవిరి పట్టే మిషనుకీ, మందులకీ మిల్లు కార్డే దిక్కు. ఇదంతా స్టష్‌కు తెలుసు. అయినా క్లబ్బులో ఎవరైనా మీవాడేం చేస్తున్నాడని అడిగితే, "మిల్లులోనే" అని ఊరుకునేవాడు.

ఇక స్టష్ సంగతి. అరవై తొమ్మిదేళ్లకు ముక్కులో రెండు సన్న గొట్టాలు, వెనకాల చక్రాల మీద ఆక్సిజన్ సిలిండరు. పడగ్గది నుంచి వంటింటికి రావడానికి మధ్యలో ఒకసారి గోడ పట్టుకునేవాడు. ఊపిరితిత్తుల జబ్బు అన్న మాట ఆ ఇంట్లో పలకకూడదు. "ఛాతీ కాస్త పట్టేసింది" అనాలి. డాక్టరు వేరే మాట వాడినందుకు స్టష్ డాక్టర్నే మార్చేశాడు.

అతని భార్య పాలీన్. ఆమె నోరు మంచిది కాదని స్టష్ అనేవాడు. ఆ నోరే లేకపోతే ఆ ఇంట్లో ఒక్క నిజం కూడా వినపడేది కాదని నేనంటాను.

అక్టోబరులో ఒకనాటి మధ్యాహ్నం మిల్లు తరఫున టాడ్ ఎవర్‌హార్ట్ వాళ్లింటికి వచ్చాడు. పత్రికలవాళ్లతో, ఊరివాళ్లతో మాట్లాడటం అతని ఉద్యోగం. నీలం సూటు, చేతిలో డోనట్ల పెట్టె. పొయ్యిల దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్లకుండా పన్నెండేళ్లుగా వాటి గురించి మాట్లాడుతున్న మనిషి.

"స్టష్ గారూ, మీలాంటి మనిషి నోరు విప్పాల్సిన రోజొచ్చింది" అన్నాడు కూర్చుంటూ.

"నాలాంటి మనిషంటే?"

"ఆ పొగలో ముప్పై నాలుగేళ్లు నిలబడి బతికి బట్టకట్టినవాడు."

"బతికాడా? ఎవరు?" అంది పాలీన్ వంటింట్లోంచి.

ఎవర్‌హార్ట్ నవ్వాడు. అలాంటి మాటలకు నవ్వడం అతని జీతంలో భాగమే. తర్వాత గొంతు తగ్గించి అసలు విషయం చెప్పాడు. కోకు పొయ్యిల పొగ మీద కేంద్ర ప్రభుత్వం పెట్టిన రూలు ఒకటుంది, ఏడెనిమిదేళ్లుగా మిల్లు మెడకు అది గుదిబండ. ఇప్పుడు ఆ రూలును కొట్టేయడానికి అమెరికా కాంగ్రెస్‌లో మా జిల్లా సభ్యుడు కర్టిస్ లాండ్రేత్, ఆయనతో ఇంకో నలభై మంది సభ్యులు బిల్లు పెట్టారు. వచ్చే నెల వాషింగ్టన్‌లో ఆ బిల్లు మీద సభ్యుల కమిటీ సాక్ష్యాలు వింటుంది. పొయ్యిల మీద పనిచేసిన మనిషి అక్కడ కూర్చుని చెబితే ఆ బరువు వేరు.

"రూలు అలాగే ఉంటే?" అన్నాడు స్టష్.

"మిల్లు మూతే. కంపెనీ పెద్దలు తేల్చి చెప్పేశారు. పద్నాలుగు వందల మంది రోడ్డు మీద పడతారు. మీ జెరోమ్‌తో సహా."

స్టష్ గొట్టాలు సర్దుకున్నాడు. కాసేపు ఊపిరి తీసుకుని, "నేనెళ్లి మాట్లాడితే వాడి ఉద్యోగం నిలుస్తుందా?" అని అడిగాడు.

ఎవర్‌హార్ట్ చేతిలో ఉన్న డోనట్ ముక్క కొరికి, తీరిగ్గా నమిలి, పెదాలకంటిన పంచదార తుడుచుకున్నాడు.

"మిల్లు నిలుస్తుంది" అన్నాడు.

స్టష్ దాన్ని అవునన్న జవాబుగానే తీసుకున్నాడు.

"ఒక్క చిన్న సంగతి" అన్నాడు ఎవర్‌హార్ట్ లేస్తూ. "ఆ గొట్టం... టీవీలో అంత బాగుండదేమో. ఐదు నిమిషాలేగా."

"ఐదు నిమిషాలు నాకో లెక్కా?" అన్నాడు స్టష్.

అతను వెళ్లాక పాలీన్ వచ్చి డోనట్ల పెట్టె తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. "నీ కొడుకు కోసం పోతున్నావు కాబట్టి పో. నేను మాత్రం రాను. ముక్కు ఇంట్లో పెట్టి రమ్మనే చోటికి నేనెందుకు?" అంది.

ఆ ఆదివారం జెరోమ్ భోజనానికొచ్చాడు. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన గొలుంప్కీలు చేసింది పాలీన్. జెరోమ్ ముప్పై ఎనిమిదేళ్లవాడు, తండ్రికంటే జానెడు పొడుగు. ఆ బల్ల దగ్గర కూర్చుంటే మాత్రం పదేళ్లవాడిలా భుజాలు ముడుచుకునేవాడు. సగం తిన్నాక ఫోర్కు కింద పెట్టాడు.

"నాన్నా, వాషింగ్టన్ వెళ్లకు."

"ఏం?"

"ఆ రూలు నువ్వనుకున్నంత చెడ్డదేం కాదు. మా ముఠా పని చూస్తే..."

"మీ ముఠాదీ ఒక పనేనట్రా? పొయ్యి మీద ఒక్క గంట నిలబడి చూడు, పనంటే ఏంటో తెలుస్తుంది. మట్టి పిసుక్కునేవాడు నాకు మిల్లు గురించి చెప్పొచ్చాడు."

"అది కాదు నాన్నా, విను. అసలు మా ముఠాని పెట్టిందే..."

"ఎవరు పెట్టారో నాకు తెలీదా? మిల్లు పెట్టింది. మిల్లే లేకపోతే నీ మట్టెక్కడ, నీ బకెట్టెక్కడ? నీకోసమే కదరా నేను..."

అక్కడ దగ్గు తెర అందుకుంది. స్టష్ దగ్గంటే మామూలు దగ్గు కాదు, మనిషి నడుము దగ్గర రెండుగా మడతపడిపోతాడు, కళ్లు బయటికొస్తాయి. జెరోమ్ లేచి వీపు నిమరబోతే చెయ్యి విదిలించి కొట్టాడు. దగ్గు తగ్గేసరికి గొలుంప్కీలు చల్లారిపోయాయి, మాట కూడా చల్లారిపోయింది. ఆ ఇంట్లో వాదనలన్నీ అలాగే ముగిసేవి. ఆ దగ్గుకు ఎదురుచెప్పడం ఎవరికీ చేతకాలేదు. జెరోమ్ కాసేపు మెలనీ స్కూలు కబుర్లు చెప్పి వెళ్లిపోయాడు.

నవంబరులో మిల్లు వ్యాను వచ్చి స్టష్‌ను తీసుకెళ్లింది. దారిలో ఎవర్‌హార్ట్ రెండు కాగితాలిచ్చాడు. పెద్దపెద్ద అక్షరాలతో, మధ్యమధ్య ఊపిరి తీసుకోవడానికి ఖాళీలు వదిలి, ఏం చెప్పాలో రాసి ఉంది. కొట్టేయమని అడగబోయే రూలులో ఏముందో అందులో లేదు. స్టష్ అడగలేదు. జీవితమంతా ఫోర్‌మన్ ఏ మూత లేపమంటే ఆ మూత లేపినవాడు, ఎందుకని అడగడం అతని అలవాటు కాదు.

కమిటీ గది తలుపు దగ్గర ఎవర్‌హార్టే స్వయంగా అతని చెవుల వెనక నుంచి గొట్టం తీసి, సిలిండరును తన సహాయకురాలి చేతికిచ్చాడు. స్టష్ నడుచుకుంటూ వెళ్లి మైకు ముందు కూర్చున్నాడు. ఎత్తున అర్ధచంద్రాకారంలో సభ్యులు కూర్చున్నారు. మధ్యలో లాండ్రేత్, దువ్విన తెల్లజుట్టు, ఎర్రటి టై.

స్టష్ బాగా చదివాడు. తాతలనాటి నుంచి మా ఊరికి అన్నం పెట్టింది ఆ మిల్లేనన్నాడు. రూలు రాసినవాళ్లలో ఎవరి చేతులకూ కాయలు కాయలేదన్నాడు. ఖాళీ వదిలిన చోటల్లా ఆగాడు. మూడో నిమిషానికే ఛాతీలో ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టు ఉంది. కాగితం అయిపోయింది. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేదో.

కానీ పైనున్నవాళ్లు తలలూపుతున్నారు. స్టష్ మాటకు అంతమంది సూట్లవాళ్లు తల ఊపడం అతని జన్మలో అదే మొదలు. అందుకని కాగితంలో లేనిది ఒకటి కలిపాడు.

"మా మిల్లు పొగ సంగతి పట్టించుకోదంటారండీ, అదంతా వట్టిది. మా రోజుల్లో తలుపులకు మట్టి పూయడానికి ఒక తాగుబోతు, ఒక బకెట్టు ఉండేవాళ్లు. ఇప్పుడా పనికి ఇరవై ఇద్దరున్నారు. పొద్దస్తమానం పూస్తూనే ఉంటారు. మా ఆవిడ ముఖానికి కూడా అంత పౌడరు పూసుకోదు. ఇంకేం చెయ్యమంటారు మమ్మల్ని?"

గది గొల్లుమంది. లాండ్రేత్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఆగండాగండి. ఒక తాగుబోతు చేసే పనికి ఇరవై ఇద్దరా?"

"ఇరవై ఇద్దరండీ. లెక్కపెట్టుకోండి" అన్నాడు స్టష్, నవ్వులకు ఉబ్బిపోయి.

వెనక వరసలో ఎవర్‌హార్ట్ మాత్రం నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి ఆ మాట రాసుకున్నాడు.

తర్వాత బిల్లుకు ఎదురు పక్షం సభ్యురాలు ఒకావిడ, విట్‌కాంబ్, కళ్లజోడు సవరించుకుని స్టష్ వైపు చాలాసేపు చూసింది.

"మిస్టర్ బాబియాక్, మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

"గుండ్రాయిలా ఉన్నానమ్మా."

"ఊపిరితిత్తులు?"

"వాటికేం? నన్నొదిలి ఎక్కడికి పోతాయి?"

మళ్లీ నవ్వులు. "మీ రెండు బుగ్గల మీదా అడ్డంగా గాడి పడి ఉంది. ఏమిటది?"

గొట్టం రాత్రీ పగలూ ఒరుసుకుని పడ్డ గాడి అది. స్టష్ చేత్తో తడుముకున్నాడు. "ముసలితనం అమ్మా. మీకూ వస్తుంది" అన్నాడు. ఆ నవ్వుల్లో విట్‌కాంబ్ ఇంకేదో అడిగింది, ఇంకేదో ఒప్పించాలని చూసింది. దయగల మనిషే. ఆమె దయ వల్ల స్టష్ ఇంకో మూడు నిమిషాలు గాలి లేకుండా కూర్చోవలసి వచ్చింది.

బయటికి వచ్చేసరికి పెదాలు నీలంగా మారాయి. వసారాలో బల్ల ఉంది, అక్కడే విలేకరులూ ఉన్నారు. ఎవర్‌హార్ట్ అతని చంకలో చెయ్యేసి, పక్కనున్న చిన్న తలుపు తెరిచి లోపలికి తోశాడు. తుడుపు కర్రలు, చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు పెట్టుకునే గది అది. బోర్లించిన డబ్బా మీద కూలేసి గొట్టం తగిలించారు. "కెమెరాలు పోయేదాకా ఇక్కడే ఉండండి, స్టష్ గారూ. ఇరగదీశారు" అని ఎవర్‌హార్ట్ తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. ముప్పావుగంట స్టష్ ఆ చీకట్లో కూర్చుని, కొడుకు ఉద్యోగం కాపాడానన్న సంతోషంతో ఒక్కడే నవ్వుకున్నాడు.

ఇంటికొచ్చాక ఊరంతా అతని వీరగాథే. సాక్ష్యం టీవీలో వేశారు. క్లబ్బులో ఆ ముక్క పదేపదే పెట్టుకుని చూశారు. ఒక తాగుబోతు, ఒక బకెట్టు అని ఎవరైనా మొదలుపెడితే చాలు, మిగతాది అందరూ కలిసి అనేవాళ్లు. స్టష్ బీరు డబ్బులిస్తానన్నా ఎవరూ ఇవ్వనిచ్చేవాళ్లు కాదు.

మిల్లులో భోజనాల గది టీవీలో కూడా వేశారు. జెరోమ్ ముఠా ఇరవై ఇద్దరూ అప్పుడక్కడే ఉన్నారు. తండ్రి నోట ఆ మాట వచ్చినప్పుడు జెరోమ్ శాండ్‌విచ్ నోటి దాకా తెచ్చి ఆగిపోయాడట. పక్కవాడు టీవీ కట్టేసి, ఎవరూ ఏమీ అనొద్దని సైగ చేశాడట. ఆ తర్వాత మూడు ఆదివారాలు జెరోమ్ భోజనానికి రాలేదు. డ్యూటీలు ఎక్కువయ్యాయేమోనని స్టష్ అనుకున్నాడు.

మార్చిలో బిల్లు ఓటుకు వచ్చింది. లాండ్రేత్ సభలో లేచి, "ఒక తాగుబోతు చేసే పనికి ఇరవై రెండు ఉద్యోగాలు! ఈ రూలు మన మిల్లుల చేత చేయిస్తున్న దుబారా ఇదీ! ఇది నా మాట కాదు, ముప్పై నాలుగేళ్లు ఆ పొయ్యిల మీద నిలబడ్డ ఒక మహానుభావుడి మాట" అన్నాడు. టీవీలో చూస్తున్న క్లబ్బులో అప్పుడు చెవులు చిల్లులు పడేలా ఈలలు. ఈ రూలు చేయిస్తున్న దుబారా అన్న ముక్క స్టష్ చెవిన పడే ఉండాలి. మహానుభావుడన్నది మాత్రమే అతనికి వినపడింది.

బిల్లు రెండు సభల్లోనూ గెలిచింది. అధ్యక్షుడి సంతకమూ అయింది. మిల్లు కూత నిమిషం సేపు ఆపకుండా మోగింది. స్టష్ ఆయాసపడుతూనే కొడుక్కి ఫోన్ చేశాడు.

"విన్నావట్రా? నీ ఉద్యోగం నిలబెట్టాను."

"విన్నాను నాన్నా" అని పెట్టేశాడు జెరోమ్.

ఏప్రిల్ మూడో శుక్రవారం స్టష్ క్లబ్బులో చేపల వేపుడు తింటున్నాడు. పొయ్యిల మీద అతనితో పాటు పనిచేసిన చెస్టర్ వోల్నీ వచ్చి భుజం మీద చరిచాడు.

"మొత్తానికి సాధించావు గురూ! మట్టిగాళ్ల పీడ వదిలించావు."

"ఏమైంది?"

"ఏమైందేంటి? ఇవాళ మధ్యాహ్నం ఇరవై ఇద్దరికీ కాగితాలు చేతిలో పెట్టారు. బకెట్లు గేటు దగ్గర పెట్టి పొమ్మన్నారు. మళ్లీ మన రోజులొచ్చాయి. ఒక తాగుబోతు, ఒక..."

స్టష్ ముఖం చూసి అక్కడ ఆగాడు. జెరోమ్ ఆ ఇరవై ఇద్దరిలో ఉన్నాడని చెస్టర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఏడేళ్లుగా మిల్లులోనే అని చెప్పుకున్న తండ్రి పుణ్యమే ఆ మరుపు.

"వాళ్లనెందుకు తీస్తారు? మిల్లు నిలబడిందిగా!" అన్నాడు స్టష్.

"ఒరే స్టష్, వాళ్లను పెట్టిందే ఆ రూలు వల్ల. రోజూ ప్రతి తలుపూ చూడాలి, పొగ కారితే గంటలోగా పూడ్చాలి, దానికి తగ్గ మనుషుల్ని పెట్టాలి అని రాసుంది అందులో. లేకపోతే మట్టి పూసేవాడికి పర్మనెంటు ఉద్యోగం ఎవడిస్తాడు? రూలు పోయింది, వాళ్లూ పోయారు. నువ్వా రూలు చదవలేదా? చదవకుండానే వాషింగ్టన్ దాకా వెళ్లొచ్చావా?"

స్టష్ పళ్లెం వదిలేసి లేచాడు. జెరోమ్ ఇల్లు రెండు వీధుల అవతల. సిలిండరు లాక్కుంటూ, ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగుతూ, వెళ్లడానికి అరగంట పట్టింది. జెరోమ్ ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపల మెలనీ మందు ఆవిరి పడుతున్న మిషను బుర్రుమంటూ వినపడుతోంది.

"మిల్లు కార్డు ఎప్పటిదాకా పనిచేస్తుంది?" అన్నాడు స్టష్. అడగాలనుకున్నది అది కాదు. నోటికి అదే వచ్చింది.

"నెలాఖరు దాకా."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పబోయాను నాన్నా. నువ్వు దగ్గావు."

కొడుకు గొంతులో కోపం కూడా లేదు. ఉంటే స్టష్‌కు తిట్టడానికి వీలుండేది. మెట్టు పట్టుకుని కూర్చోబోయి, కూర్చోమని ఎవరూ అనకపోయేసరికి నిలబడే ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లు పొగ మింగినందుకు గర్వపడ్డ మనిషికి సిగ్గు మింగడం కొత్త. తన కొడుకు అన్నం తన నోటితోనే తీసేశాడు, అదీ జోకు వేసి, నలుగురూ నవ్వుతుంటే. ఆ రాత్రి పాలీన్ ఒక్క మాట అనలేదు. ఆ నోరు కూడా మూగబోయిందంటే తను చేసింది ఎంతటిదో అప్పుడు అర్థమైంది స్టష్‌కు.

సోమవారం ఎవర్‌హార్ట్‌కు ఫోన్ చేశాడు. మొదట కేకలేశాడు. కేకలకు ఊపిరి చాలక బతిమాలడంలోకి దిగాడు.

"మీకు ముందే తెలుసు కదండీ! నా కొడుకు అందులోనే ఉన్నాడని మీకు తెలుసు!"

"స్టష్ గారూ, మిల్లు నిలుస్తుందన్నాను, నిలిచింది" అన్నాడు ఎవర్‌హార్ట్ మెత్తగా. "ఆ ముఠాని తీసేస్తే ఎవరేమంటారోనని మేమూ భయపడ్డాం. మీ మాటతో ఆ పని సులువైపోయింది. దానికి మీకు రుణపడి ఉన్నాం."

"అయితే వాడికేదైనా చూపించండి. గేటు దగ్గర కాపలాకైనా. ఊడ్చే పనైనా సరే."

"అవేం ఖాళీ లేవండీ." కాగితాలు తిప్పిన చప్పుడు. "ఒక్కటుంది. బయటివాళ్లకైతే ఇవ్వం. మీ పేరుకున్న గౌరవం కొద్దీ ఇస్తున్నా. పైన. మూతల దగ్గర. ఇద్దరు మానేశారు, మనిషి దొరకడం లేదు. కింద తలుపులు కూడా ఇప్పుడు కాస్త ఎక్కువ కారుతున్నాయిగా, పొగంతా పైకే వస్తోంది. కుర్రాళ్లు నిలబడటం లేదు. మీ రక్తం కాబట్టి మీవాడు నిలబడతాడు."

స్టష్ ఫోన్ పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. వద్దని చెప్పడానికి నోరు తెరిచాడు. నెలాఖరుకు తొమ్మిది రోజులుంది, మెలనీకి మందు రోజుకు మూడుసార్లు.

"చాలా థాంక్సండీ" అన్నాడు. "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

పాలీన్ అక్కడే అంట్లు తుడుస్తోంది. చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టి, కోటు తగిలించుకుని, బయటికి వెళ్లిపోయింది. సాయంత్రం దాకా రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం జెరోమ్ వచ్చాడు. చేతిలో చెక్క అడుగుల కొత్త బూట్లు. తండ్రికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కబుర్లు లేవు.

"చెప్పు. ఏం చెయ్యాలి పైన?"

స్టష్ చెప్పాడు. కొక్కెం ఎలా తగిలించాలో, మూతను కాలితో ఎటు నెట్టాలో, బొగ్గు బండి చక్రాల చప్పుడు ఎలా గుర్తుపట్టాలో చెప్పాడు. ఎన్నో ఏళ్లుగా కొడుక్కి చెప్పాలని ఉబలాటపడ్డ విషయాలే.

"గాలి నీ వెనక నుంచి వచ్చేలా నిలబడాలి. అప్పుడు పొగ ముఖం మీదికి రాదు."

"పైన గాలి ఎటు నుంచి వస్తుంది?"

"అన్నివైపుల నుంచీ."

"మరి నువ్వేం చేసేవాడివి?"

"ఊపిరి బిగబట్టేవాణ్ణి. మూత లేపే ముందు నిండా పీల్చుకుని, మనసులో పన్నెండు లెక్కపెట్టేదాకా. పన్నెండులో పని అయిపోవాలి. లోపలికి మాత్రం పీల్చకూడదు. నేను చివర్లో బద్ధకించాను, అందుకే ఇలా..."

"ఎలా బిగబడతావో చూపించు."

స్టష్ గొట్టంలోంచి వచ్చినంత గాలీ లాగి, పెదాలు బిగించాడు. జెరోమ్ పైకే లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు అనేలోపే స్టష్ ఛాతీ ఎగిరిపడింది. మనిషి రెండుగా మడతపడ్డాడు. బల్ల మీది కప్పు దొర్లి కిందపడింది. జెరోమ్ లేవలేదు, చెయ్యి చాచలేదు. దగ్గు పూర్తిగా అయిపోయి, తండ్రి తల ఎత్తి, కళ్లనీళ్లు తుడుచుకునేదాకా అలాగే కూర్చుని చూశాడు.

"మళ్లీ చూపించు నాన్నా. రేపు ఆరింటికే షిఫ్టు" అన్నాడు.

స్టష్ మళ్లీ గాలి లాగి నోరు మూసుకున్నాడు.